మందు కొట్టే డ్రోన్: బిగించి చూశాం, లెక్క కట్టాం
(జహీరాబాద్ డివిజన్ రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఝరాసంగం పోయినా, కోహీర్ పోయినా, న్యాల్‌కల్ పోయినా ఈ మధ్య మీటింగు అయిపోయి చాయ్ తాగేటప్పుడు ఒకటే ప్రశ్న వస్తున్నది. "అన్నా, డ్రోన్ తీసుకుందామా?" మహిళా సంఘాల అక్కలు అడుగుతున్నారు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీల డైరెక్టర్లు అడుగుతున్నారు, బీటెక్ చదివి ఊర్లో ఉన్న పిల్లలు అడుగుతున్నారు. డీలర్ల బ్రోచర్లు చూసి జవాబు చెప్పడం మాకు ఇష్టం లేకపోయింది. ట్రాక్టరు కొనేటప్పుడు బానెట్ ఎత్తి చూసే అలవాటు ఉన్నవాళ్లం మనం. దీన్ని కూడా విప్పి చూడాలి అనుకున్నాం.

విప్పడానికి ముందు బిగించాలి కదా. మన సంఘం సభ్యుల పిల్లలు చదివే ఒక కాలేజీ వాళ్లు వర్క్‌షాపు ఇచ్చారు. 10 లీటర్ల ట్యాంకు మోసే ఆరు చేతుల డ్రోన్‌కు కావలసిన సామాను తెప్పించి, పిల్లలు, లెక్చరర్లు, మేము కలిసి బిగించాం. కాలేజీలోనే ఎందుకు చేశామో చెప్పాలి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 2 కిలోల నుంచి 25 కిలోల దాకా బరువుండేది చిన్న డ్రోన్. దానికి టైప్ సర్టిఫికెట్, గుర్తింపు నంబరు, నడిపేవాళ్లకు పైలట్ సర్టిఫికెట్ కావాలి. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు పరిశోధన కోసం తమ ఆవరణలో ఎగరేసుకుంటే ఆ రూల్స్‌లో మినహాయింపు ఉంది. మన ఇంటి వాకిట్లో కిట్ బిగించి ఊరి చేన్ల మీద కిరాయికి తిప్పితే అది చట్టవిరుద్ధం. యూట్యూబ్ చూసి తయారు చేస్తామనే తమ్ముళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

ఈ యంత్రం పుట్టుక కొంచెం చెబుతాం. పొలం మీద మనిషి లేకుండా ఎగిరే యంత్రాన్ని ముందు పనిలో పెట్టింది జపాన్ వాళ్లు. అక్కడ వరి రైతులు ముసలివాళ్లయ్యారు, పిల్లలు పట్నం పోయారు. యమహా కంపెనీ 1987లో ఆర్-50 అనే రిమోట్ హెలికాప్టర్ తెచ్చింది, 20 కిలోల బరువు మోసేది. 1997లో ఆర్‌మాక్స్ వచ్చింది. అవి పెట్రోలు ఇంజనుతో నడిచే అసలైన హెలికాప్టర్లే, సైజు మాత్రం చిన్నది. పైన ఒక పెద్ద రెక్క, తోక మీద చిన్న రెక్క. పెద్ద రెక్క తిరుగుతున్నంతసేపూ దాని వాలును మారుస్తూ ఉండాలి, దానికి నడుమ కడ్డీలు, బేరింగులు, కీళ్లు బోలెడు. ఏ కీలు సడలినా యంత్రం కింద పడుతుంది. నడపడం నేర్చుకోవడానికీ చాలా కాలం పట్టేది.

ఇప్పటి డ్రోన్‌లో ఆ కీళ్లు లేవు. ఆరు చేతులు, ఆరు మోటార్లు, ఆరు జతల మడత రెక్కలు. పక్కపక్క మోటార్లు ఒకదానికొకటి ఎదురు దిక్కులో తిరుగుతాయి, లేకపోతే డ్రోన్ తన చుట్టూ తానే బొంగరంలా తిరుగుతుంది. కుడికి పోవాలంటే ఎడమ మోటార్లు కొంచెం వేగం పెంచుతాయి, అంతే. ఈ లెక్కంతా నడుమనున్న అగ్గిపెట్టెంత కంట్రోలర్ సెకనుకు వందల సార్లు చేస్తుంది. కాబట్టి నడపడం సులువైంది. బిగించడం కూడా మేము అనుకున్నంత కష్టం కాలేదు. వైండింగ్ షాపులో పనిచేసే పిల్లగాడు రెండు రోజుల్లో పట్టుకోగల పని. పోరగాళ్లు మా కంటే ముందే నేర్చుకున్నారు, మేము స్పానర్ అందించే దగ్గరే ఉండిపోయాం.

ఇందులో ఒక సంగతి గమనించాం. ఫ్రేము, ట్యాంకు, పంపు, నాజిళ్లు ఇవన్నీ మన దేశంలో దొరుకుతాయి, మన దగ్గర చేయదగినవి కూడా. మోటార్లు, కంట్రోలర్, బ్యాటరీ లోపలి సెల్లులు మాత్రం మాకు దొరికినవన్నీ బయటి దేశం సరుకే. 2022 ఫిబ్రవరిలో కేంద్రం డ్రోన్ల దిగుమతి నిషేధించింది. పూర్తిగా తయారైనవే కాదు, విడగొట్టి కిట్‌గా తెచ్చేవి కూడా ఆ నిషేధంలో ఉన్నాయి. భాగాలకు మాత్రం నిషేధం లేదు. దేశీ అని పేరు రాసిన డ్రోన్ కొనేవాళ్లు ఏ భాగం ఎక్కడిదో అడగండి. రేపు సీజన్‌లో మోటారు కాలితే ఎన్ని రోజుల్లో వస్తుందో దాన్నిబట్టే ఉంటుంది. జహీరాబాద్ ట్రాక్టర్లు తయారయ్యే ఊరు. ట్రాక్టరు చెడితే వేపచెట్టు కింద మెకానిక్ సాయంత్రానికి నడిపిస్తాడు. మేము పోయి చూసిన ఒక ఊర్లో సంఘం వాళ్ల డ్రోన్ కంది పూత టైమంతా పెట్టెలోనే ఉంది, డీలరు మనిషి కోసం ఎదురుచూస్తూ. ఆ డీలరు ఎవరో ఇక్కడ చెప్పం, అందరి కథా అదే.

ఇప్పుడు అసలు విషయం, బ్యాటరీ. మా డ్రోన్ ఖాళీ బరువు 9 కిలోలు, బ్యాటరీలు 4 కిలోలు, నీళ్లు 10 కిలోలు, మొత్తం 23. ఇంత బరువును గాలిలో నిలపడానికి సుమారు 4 కిలోవాట్లు కావాలి. మన బోరు మీది 5 హెచ్‌పీ మోటారు తీసుకునే కరెంటు ఎంతో దాదాపు అంత. ఒక జత బ్యాటరీలో ఉండేది 710 వాట్ అవర్లు, అంటే ముప్పావు యూనిట్‌కు తక్కువ. ఆ కరెంటు మీద 5 హెచ్‌పీ మోటారు ఎంతసేపు నడుస్తుంది? పది నిమిషాలు. డ్రోన్ కూడా అంతే. పైగా అడుగంటా వాడితే బ్యాటరీ పాడవుతుంది, నాలుగో వంతు మిగిల్చి దించాలి. మందు ఖాళీ అవుతున్నకొద్దీ బరువు తగ్గుతుంది కనుక ఒక ట్యాంకు, అంటే ఒక ఎకరం, ఒక చార్జింగ్‌తో అవుతుంది. రెండో ఎకరానికి ఇంకో జత కావాలి.

కరెంటు ఖర్చు ఏమీ కాదు, ఐదారు రూపాయలు. కానీ ఈ బ్యాటరీ 200 నుంచి 300 సార్లు చార్జింగ్ చేసేసరికి సత్తువ పోతుంది, ఉబ్బుతుంది. మేము కొన్న జత 36 వేలు. 250 ఎకరాలకు పంచితే ఎకరాకు 144 రూపాయలు. కిరాయి ఎకరాకు 400 అనుకుందాం. పైలట్, సాయం మనిషి, ఆటో కలిపి ఎకరాకు 130 పోతాయి. మిగిలేది 126. ఏ బ్రోచర్‌లోనూ మాకు ఈ 144 కనపడలేదు.

ఈ 126ను చేతిలో పెట్టుకుని స్కీముల దగ్గరికి పోదాం. 2023 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమో డ్రోన్ దీదీ కింద 15 వేల మహిళా సంఘాలకు, 1,261 కోట్లతో, ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల సబ్సిడీ అన్నారు. 10 లక్షల డ్రోన్ అయితే సంఘం మీద పడేది 2 లక్షలు. ఐదేండ్లకు పంచితే ఏడాదికి 40 వేలు, అంటే 320 ఎకరాలు తిరగాలి. ఒక సంఘం చేయగల పని. అదే డ్రోన్‌ను రైతు కంపెనీ యాంత్రీకరణ పథకం కింద కిరాయి కేంద్రానికి తీసుకుంటే సబ్సిడీ 40 శాతం, 4 లక్షలకు మించదు. మిగతా 6 లక్షలు ఐదేండ్లకు పంచితే ఏడాదికి లక్షా 20 వేలు. అప్పుడు 950 ఎకరాలు తిరగాలి. వడ్డీ, రిపేరు, ఇన్సూరెన్సు ఇంకా కలపలేదు.

రోజుకు 20 ఎకరాలు తిరుగుతుందని సర్కారు కాగితం చెబుతుంది. ఒకే చోట 20 ఎకరాలు చదునుగా ఉంటే తిరుగుతుంది. మన దగ్గర గెట్టు గెట్టుకూ వేపచెట్టు, బోరు కరెంటు తీగలు, అర ఎకరం ఒకరిది, 30 గుంటలు ఇంకొకరిది. ప్రతి చేనుకూ హద్దులు గుర్తించాలి, దింపాలి, కలపాలి, లేపాలి. పొద్దుగాల గాలి లేవకముందు, సాయంత్రం గాలి తగ్గాక, ఈ రెండు పూటలే పని. 10, 12 ఎకరాలు దాటవని మా అంచనా. 950 ఎకరాలంటే 80 రోజులకు పైనే. మందు కొట్టే రోజులు మనకు ఏడాదిలో అన్ని ఉన్నాయా, మీరే లెక్క వేసుకోండి.

ఇక మందు పనితనం. కాలేజీ మైదానంలో కంది మొక్కలు, పత్తి మొక్కలు పీకి తెచ్చి సాళ్లుగా పాతాం. తడి తగిలితే పసుపు నుంచి నీలం అయ్యే కాగితాలు దొరుకుతాయి, వాటిని ఆకుల పైన, కింద, మొదట్లో కట్టాం. ట్యాంకులో ఉత్త నీళ్లే. మనిషి ఎత్తున ఎగరేస్తే పై ఆకులు చక్కగా తడిశాయి, నడిమి ఆకులు ఫరవాలేదు, మొదట్లో చుక్కలు తక్కువ, ఆకు అడుగున దాదాపు లేవు. పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ ఉండేది ఆకు అడుగునే. గుబురుగా ఎదిగిన పత్తికి డ్రోన్ మీద ఆశ పెట్టుకోవద్దు. కంది పూత మీద, కాయ మీద పురుగుకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే పూత పైనే ఉంటుంది. తలకు మించి పెరిగిన చెరకులోకి మనిషి పోలేడు, అక్కడ కూడా ఇదే దిక్కు. అల్లం దుంపకుళ్లుకు మందు నేలలోకి ఇంకాలి, దానికి ఆకాశంలో పనిలేదు.

మైదానం అంచున, గాలి పోయే దిక్కులో కూడా కాగితాలు పెట్టాం. ఎత్తు రెట్టింపు చేయగానే పది మీటర్ల అవతలి కాగితం మీద కూడా నీలం చుక్కలు పడ్డాయి. మన అర ఎకరాల చేన్లలో పది మీటర్లంటే పక్కవాడి పంట. పస్తాపూర్ చుట్టుపక్కల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల అక్కలు 1980ల నుంచి ఒకే చేనులో జొన్న, కంది, సామ, అనుములు కలిపి, రసాయనం ముట్టకుండా పండిస్తున్నారు. వాళ్ల గెట్టు పక్కన మన డ్రోన్ లేస్తే వాళ్ల పంటకు ఆ పేరు నిలుస్తుందా?

పైనుంచి చల్లిన విషం ఏం చేస్తుందో దేశం ఒకసారి చూసింది. కేరళలోని కాసర్‌గోడ్‌లో సర్కారు ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడితోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లింది. తోటల నడుమ ఊర్లున్నాయి, బావులున్నాయి. సుప్రీంకోర్టు 2011లో ఆ మందును ఆపింది, 2017లో బాధితులకు తలా 5 లక్షలు ఇమ్మన్నది. డ్రోన్ అంత ఎత్తున ఎగరదు, అంత మందు మోయదు, రెండూ ఒకటని మేము అనడం లేదు. కానీ చేతి పంపుతో ఎకరాకు 150 లీటర్ల నీళ్లలో కలిపే మందును డ్రోన్ 10 లీటర్లలో కలుపుతుంది. చిక్కదనం 15 రెట్లు. పడిన చుక్క చిన్నదే, అందులో విషం పెద్దది. ఆ ట్యాంకు కలిపే మనిషికి గ్లౌజులు, మాస్కు, చేతులు కడుక్కునే నీళ్లు లేకుండా పని చేయించవద్దు.

అదే సమయంలో మరో సంగతి కూడా చెప్పాలి. 2017 ఖరీఫ్‌లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వీపు మీద పంపు, ముఖానికి తువ్వాల, ఆ మంచులో నడక. ఆ నడక తప్పించే యంత్రం వస్తే వద్దనే హక్కు మనకు లేదు. బిందెలతో 150 లీటర్లు మోసే ఆడవాళ్ల నడుం నొప్పి కూడా ఈ లెక్కలోదే. మొన్న మీటింగులో ఒక తమ్ముడు లేచి, "అన్నా, నేను రోజుకు నాలుగు ఎకరాలు తైవాన్ పంపుతో కొడ్తా. గిది వస్తే నా కూలి ఎటు పోవాలె?" అన్నాడు. పైలట్ శిక్షణకు ముందు వరుసలో పోవలసింది ఆ తమ్ముడే. మందు ఏ ఆకుకు ఎట్లా తగులుతుందో పదేండ్లుగా తెలిసినవాడు. పదో తరగతి పాసై ఉంటే చాలు, శిక్షణకు అర్హుడే. ఫీజు సంఘం, రైతు కంపెనీ కలిసి భరించాలి.

కాబట్టి డివిజన్ కమిటీగా మేము అనుకున్నది ఇది. ఒంటరిగా అప్పు చేసి ఎవరూ కొనవద్దు. స్కీము కింద మహిళా సంఘానికి వస్తే తీసుకోండి, కానీ అదనపు బ్యాటరీలు, రెండేండ్ల నిర్వహణ ఒప్పందం కాగితం మీద చూడకుండా సంతకం పెట్టవద్దు. మూడు నాలుగు ఊర్లకు కలిపి ఒకటి చాలు, ఊరికొకటి వస్తే అన్నీ ఖాళీగా ఉంటాయి. ఎగరేసే 24 గంటల ముందు పంచాయతీకో, వ్యవసాయ అధికారికో చెప్పాలని కేంద్రం 2021 డిసెంబరులో ఇచ్చిన నిబంధనల్లోనే ఉంది. పంచాయతీ డప్పు వేయించాలని గ్రామసభల్లో తీర్మానాలు పెట్టించండి. డివిజన్ కేంద్రంలో రిపేరు వసతి, విడిభాగాల స్టాకు లేకుండా డ్రోన్లు పంచవద్దని కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రం తయారుగా ఉంది, బయట టేబుల్ మీద పెట్టాం, సంతకాలు చేసి పోండి.

మేము బిగించిన డ్రోన్ కాలేజీ వర్క్‌షాపులోనే ఉంది. వచ్చే నెలలో ఒక ఆదివారం మండలానికి పది మంది చొప్పున తీసుకుపోతాం. మెకానిక్ పని తెలిసినవాళ్లు, మందు కొట్టే పని చేసేవాళ్లు ముందు పేర్లివ్వండి. మహిళా సంఘాల లీడర్లు పాస్‌బుక్, పాత లోన్ల కాగితాలు వెంట తెచ్చుకుంటే అక్కడే కూర్చుని ఎకరాల లెక్క వేసి పంపిస్తాం.