పటంలో లేని జట్టు



ఎవరి పేరిట ఇవాళ మనం కలుసుకున్నామో ఆ మాస్టారు బడిలో డ్రిల్లు చెప్పినవారు. అందుకే ఇంకో బడిపంతులుతో మొదలుపెడతాను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ రహీం సాబ్. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, 1950లో సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులయ్యారు.

ఆ సంవత్సరాన్ని కాస్త పట్టి చూడండి. హైదరాబాద్ సంస్థానాన్ని దేశంలో కలిపిన పోలీసు చర్య జరిగి అప్పటికి రెండేళ్లే. ఊళ్లో భయం ఇంకా చల్లారలేదు. అలాంటి నగరం నుంచి, అందునా 'పోలీస్' అనే పేరే తగిలించుకున్న జట్టు, 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయి నుంచి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ లాంటి పాతబస్తీ ఉర్దూ పేర్లు దేశమంతటికీ తెలిశాయి. ఆ రోజుల్లో ఈ నగరం తలెత్తుకోవడానికి దొరికిన సాకుల్లో ఇదొకటని నా నమ్మకం. చరిత్ర పుస్తకాలు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మూసీకి ఇవతల కథ వేరు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో బంతి పల్టన్ల వెంట వచ్చింది. మార్నింగ్ స్టార్ క్లబ్బులో ఆడి పైకొచ్చిన తంగరాజ్, అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం అక్కడివాళ్లే. అంత దూరం నుంచి ప్రాక్టీసుకు రావడానికి బలరాం దగ్గర డబ్బు లేకపోతే, అద్దె సైకిలుకని రహీం సాబ్ రోజుకో రూపాయి ఇచ్చారని చెప్పుకుంటారు. ఏ భాషవాడివని అడగలేదు. ఎడమకాలితో కొట్టగలవా అన్నదే ఆయనకు కావాలి. బలహీనమైన కాలితోనే ఆడాలనీ, డ్రిబ్లింగ్ చేయకూడదనీ నియమం పెట్టి పోటీలు నడిపిన మనిషి మరి.

1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం పటం నుంచి తొలగిపోయింది. రాష్ట్ర జట్టుకు మాత్రం ఆ సంగతి పట్టలేదు. 1957లో మన ఊళ్లోనే బొంబాయిని ఓడించి, హైదరాబాద్ పేరుతోనే వరసగా రెండోసారి సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. పోలీసు జట్టు పేరు తర్వాత మారింది. 1961లో డ్యూరాండ్ కప్పు గెలిచేనాటికి అది ఆంధ్రా పోలీస్.

1962లో జకార్తా. ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై భారత్ 2-1తో గెలిచింది. శిక్షకుడు రహీం, గోల్ కాసింది తంగరాజ్. మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సర్ రహీం సాబ్‌ను తీసుకుపోయింది.

ఆయన పోయాక అంతా కూలిపోయిందనడం సులువు. నాకది చాలదనిపిస్తుంది. కలకత్తా క్లబ్బుల్లో మోహన్ బగాన్ అంటే ఘోటీలు (పశ్చిమ బెంగాల్ వాళ్లు), ఈస్ట్ బెంగాల్ అంటే బాంగాల్‌లు (తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు), మహమ్మదన్ అంటే ముస్లిం బస్తీలు. క్లబ్బు ఓడితే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. మన జట్టేమో ఒక సర్కారు శాఖ నీడలో నిలిచింది. ఆటగాడికి జీతం దొరికింది గానీ, జనానికి జట్టు మీద హక్కు దొరకలేదు. అందుకే 1957లోనే బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఆ తర్వాత మన ఊరి ఆటగాళ్లు నయీముద్దీన్, హబీబ్ అదే దారి పట్టారు. హబీబ్‌ను 'బడే మియా' అని నెత్తిన పెట్టుకున్నది కలకత్తా. 2023లో ఆయన కన్నుమూసింది ఇక్కడ, మనందరి మధ్య.

ఈ కాలంలోనూ కథ మారలేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు పుట్టింది, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచింది. గచ్చిబౌలిలో కొన్నాళ్లు పసుపుపచ్చ జెండాలు ఎగిరాయి. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.