కారు అడుగున దాగిన తుప్పు

గాజువాక ప్రాంతము ఉక్కునకును, ఓడలకును పేరు పొందినది. ఇచ్చటి ఉక్కు కర్మాగారమునకు 1971లో శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. అంతకు ముప్పది ఏండ్ల ముందే, 1941లో, బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా ఓడల నిర్మాణశాలకు పునాది పడెను. ఈ రెంటికిని సముద్రము చేరువ. ఆ సముద్రపుగాలి ఇనుమునకు శత్రువు. ఓడ అడుగును ఎప్పటికప్పుడు గీకి, రంగు వేసి కాపాడుదురు. ఇంటి ముంగిట నిలుచు కారు అడుగును చూచువారు మాత్రము అరుదు. చేయి మారిన కారును కొనదలచిన గృహస్థులు ఈ విషయము తెలిసికొనియుండుట మిక్కిలి అవసరము.

తుప్పు పట్టుటకు ఇనుము, నీరు, ప్రాణవాయువు చాలును. ఇది విద్యుద్రసాయన క్రియ; ఉప్పు చేరినచో వేగిరపడును. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకొని, వాన లేని దినమున కూడ రేకును తడిగా ఉంచును. తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేతనే పైరంగు పొక్కులుగా లేచును. పొక్కు కనబడునాటికి లోపల రేకు పలుచబడియే యుండును.

నేటి కార్లలో పెక్కింటికి, లారీలకున్నట్లు, వేరు చట్రము లేదు. అడుగురేకు, దాని అంచులనున్న బోలు దూలములే బండి బరువును మోయును. బ్రేకు నూనె ప్రవహించు సన్నని ఉక్కు గొట్టములు కూడ అచ్చటనే యుండును. అవి చిల్లు పడినచో అవసరమైన క్షణమున బ్రేకు బలము తగ్గిపోవును. కనుక ఈ తుప్పు ప్రాణములకు సంబంధించిన లోపము.

కొనుటకు ముందు కారును పగటివేళ షెడ్డునకు తీసికొనిపోయి, పైకెత్తించి చూడుడు. జాకీని మాత్రమే నమ్మి ఎవరును క్రిందకు దూరరాదు. గట్టి స్టాండులు ఉండవలెను. చక్రముల పైనుండు వంపురేకులు, తలుపుల క్రింది అంచులు, జాకీ ఆనించు తావులు, స్ప్రింగులు బిగించిన చోట్లు స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడవలెను. గట్టి రేకు ఖంగుమనును. పుచ్చిన రేకు మ్రోగదు, పొడి రాల్చును. లోపలి తివాసీ ఎత్తి చెమ్మ యున్నదేమో పరిశీలింపుడు. పాత బండి అడుగున క్రొత్త నల్లరంగు నిగనిగలాడుచున్నచో సంతోషింపక సందేహింపుడు.

పైపై తుప్పైనచో చికిత్స కలదు. ముందుగా మంచినీటితో బురదను, ఉప్పును కడిగి, పూర్తిగా ఆరనీయవలెను. వైరు బ్రష్షుతోను, గరుకు కాగితముతోను లోహము మెరయువరకు రుద్దవలెను. గుంటలలో మిగిలిన తుప్పునకు ఫాస్ఫారికామ్లము గల ద్రావకము పూసినచో అది స్థిరమైన ఫాస్ఫేటుగా మారును. ఆ పనికి చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు మరువరాదు. పిదప తుప్పును నిరోధించు ప్రైమరు, అది ఆరిన తరువాత అడుగుపూత వేయవలెను.

తుప్పుమీదనే దట్టముగా పూత పూసినచో తడి లోపల చిక్కి, రోగము మరింత పెరుగును. వాడిన ఇంజను నూనె పూయుట కొందరి అలవాటు. అది రబ్బరు భాగములను చెరచును. వానకు కారి నేలను పాడుచేయును. ఓడల అడుగున బిగించు జింకు దిమ్మలు తాము కరగి ఉక్కును కాపాడును. ఈ ఉపాయమునకు 1824లో హంఫ్రీ డేవీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దారి చూపెను. కాని ఆ దిమ్మలు నీట మునిగియున్నప్పుడే పనిచేయును. రోడ్డుమీద తిరుగు కారునకు మంచి పూతయే రక్ష.

రేకు చిల్లు పడినచో పుట్టీతో పూడ్చి రంగు వేయుట మోసము. చెడిన మేర కోసివైచి, అంతే మందము గల క్రొత్త రేకును వెల్డింగు చేయింపవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. పెట్రోలు తొట్టి, గొట్టములు మంటకు దరి నుండరాదు. బరువు మోయు దూలములు, స్ప్రింగుల ఆధారములు పుచ్చిన బండి ఎంత చౌకయైనను విడిచిపెట్టుటే మేలు.

కొనిన పిదప మాసమునకొకసారి, వానకారున మరింత తరచుగా, అడుగును మంచినీటితో కడిగింపుడు. తలుపుల క్రింది చిన్న రంధ్రములు నీరు పోవుటకు ఉంచినవి. మట్టి చేరి మూసికొనిపోకుండ పుల్లతో శుభ్రము చేయుడు. తడిబండిపై గుడ్డ కప్పక, గాలి ఆడుచోట ఆరనిండు.

పైమెరుగు చూచి మురియుట సహజము. బేరము కుదుర్చుకొనుటకు ముందు ఒక అరగంట నేలకు వంగి అడుగును చూచుట ఆ ఇంటివారి సొమ్మునకును, ప్రాణములకును రక్ష.