‘పనిచేయట్లేదు’ అంటే చాలదు

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్లను హడలెత్తించింది, గుర్తుందా? ఒక తీరులో కూర్చిన ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ మూతపడేది. “ఫోన్ పాడైంది” అని ఊరుకుంటే ఎవరికి అంతుబడుతుంది? ఫలానా అక్షరం, ఐఓఎస్ 11.2.5, ఫలానా యాప్ అని చెబితేనే ఎదుటివాళ్లు అదే చేసి చూడగలరు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో ఆ తెగులు వదిలింది.

మనం సాయం అడిగేటప్పుడూ అంతే. ఏం నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది? తెరమీది ఎర్రర్ మెసేజ్‌ను సొంత మాటల్లో చెప్పకండి, ఉన్నదున్నట్టు పంపండి. మీది ఊహైతే ఊహేనని చెప్పండి. ‘అర్జెంట్’ అని నాలుగుసార్లు రాసినా పని ముందుకు జరగదు. స్క్రీన్‌షాట్‌లో ఓటీపీ, ఖాతా నంబరు ఉంటే చెరిపేయండి. సమస్య తీరాక, ఎలా తీరిందో సాయం చేసినవాళ్లకు ఒక్క ముక్క రాయండి.