మింగ్ రాకుమారుల బంగారు పంజరం

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం పని చేశాం కాబట్టి పెన్షను తీసుకుంటున్నాం. పని చేయకూడదనే షరతు మీద జీవితాంతం భత్యం పుచ్చుకున్నవారి సంగతి ఈ రోజు మనవి చేస్తాను. వారు 1368 నుంచి 1644 వరకు చైనాను ఏలిన మింగ్ వంశపు రాకుమారులు.

పెద్ద కొడుకు యువరాజు. మిగతా కొడుకులకు దూరపు పట్టణాల్లో కోట, పరివారం ఏర్పాటు చేసేవారు. నిబంధన ప్రకారం ఒక్కొక్కరికి ఏటా 10,000 షీల ధాన్యం. షీ అంటే సుమారు 100 లీటర్లు. అయితే 1402లో అటువంటి రాకుమారుడే ఒకడు అన్నకొడుకును దించి సింహాసనం ఎక్కాడు. ఆ తరువాత ఆంక్షలు బిగిశాయి. ఉద్యోగం చేయరాదు, అనుమతి లేనిదే ఊరు దాటరాదు.

ఇక మిగిలింది వైభవమే. హూబేలో లియాంగ్ రాకుమారుని సమాధిని 2001లో తవ్వితే బంగారం, పచ్చరాయి, రత్నాలు కలిపి 5,000కు పైగా వస్తువులు బయటపడ్డాయి. దాదాపు రెండు కిలోల బంగారు కడ్డీ మీద 1419లో పశ్చిమ సముద్ర ప్రాంతాల్లో కొన్నట్లు చెక్కి ఉంది. ఆ కాలంలోనే చైనా ఓడలు మన కాలికట్ రేవుకు వచ్చేవి.

ఆ రాకుమారుడు 1441లో ముప్ఫయ్యేళ్ళకే పోయాడు. భార్య సహగమనానికి సిద్ధపడితే, పసిపిల్లలైన ఇద్దరు కూతుళ్ళను పెంచమని చక్రవర్తి వారించాడు. ఆమె మరో పదేళ్ళు బ్రతికింది. కొడుకు లేనందున ఆ సంస్థానం రద్దయింది.

రాకుమారుల సంతతి మాత్రం వేలకు వేలు పెరిగింది. 1562లో లిన్ రున్ అనే అధికారి లెక్క చెప్పాడు: రాజధానికి ఏటా చేరే ధాన్యం 40 లక్షల షీలు, వీరికి ఇవ్వవలసింది 85 లక్షల పైచిలుకు! బకాయిలు పడ్డాయి. వేరే వృత్తి చేసుకునే వీలు లేక చిన్న హోదా వారు పస్తులున్నారు.

వారిలోనే జు జైయూ అనే ఆయన ఉన్నాడు. చక్రవర్తికి హితవు చెప్పినందుకు తండ్రి ఖైదైతే, ఈయన కోట బయట మట్టి ఇంట్లో 19 ఏళ్ళు చదువుకుంటూ గడిపాడు. సంగీత స్థాయిని 12 సమాన మెట్లుగా విభజించే లెక్కను 1584 నాటి గ్రంథంలో ఇచ్చాడు. నేటి పియానో, హార్మోనియంల శ్రుతి ఆ లెక్కలోనిదే. తండ్రి తరువాత తనకు రావలసిన బిరుదును ఏళ్ళ తరబడి విన్నపాలు పెట్టుకుని మరీ వదులుకున్నాడు.

బంగారం మట్టిలో పడి ఉండేది. లెక్క మన చెవిన పడుతూనే ఉంది. మిత్రులారా, భత్యం వేళకు అందడం ఎంత అవసరమో, చేతికి ఇష్టమైన పని ఉండడమూ అంతే అవసరం.