యువారీ అడవిలో ఎర్రబంక దారి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళివచ్చారు కదా, ఆ విశేషాలు పది నిమిషాలు చెప్పండని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నయాగరా గురించి చెబుతానని మీరు అనుకుంటే క్షమించాలి. నేను చెప్పబోయేది బురద గురించి. మనలో చాలామంది సర్వీసులో సగం బురదలోనే గడిపాం గనుక విసుగు పుట్టదనుకుంటాను.

మా అమ్మాయి, అల్లుడు నార్త్ కరొలైనా రాష్ట్రంలో షార్లెట్ నగరంలో ఉంటారు. 2022 అక్టోబరులో మేమిద్దరం అక్కడే ఉన్నాం. మా అల్లుడు వారమంతా కంప్యూటరు ముందు కూర్చుంటాడు. సెలవు రోజు వస్తే మాత్రం ఒక పిచ్చి. జీపులు, ట్రక్కులు ఉన్నవాళ్ళు కొందరు క్లబ్బు పెట్టుకున్నారు. మంచి రోడ్లన్నీ వదిలేసి, వెతుక్కుంటూ పోయి అడవిలో గతుకుల దారుల్లో బండ్లు తోలుతారు. ట్రక్కు అంటే మన లారీ కాదు. ముందు నలుగురు కూర్చునే గది, వెనుక తొట్టి ఉండే బండిని వాళ్ళు ట్రక్కు అంటారు. “మామయ్యగారూ, మీరు ఏజెన్సీలో జీపుల్లో తిరిగినవాళ్ళు కదా, రండి” అన్నాడు. “ఈ వయసులో నడుము విరగ్గొట్టుకోవడానికా?” అంది మా ఆవిడ. అయినా వెళ్ళాను.

షార్లెట్‌కు తూర్పున యువారీ అని ఒక అటవీప్రాంతం ఉంది. 1961లో దాన్ని జాతీయ అటవీప్రాంతంగా ప్రకటించారు. సుమారు 50 వేల ఎకరాలు. కొండలు పెద్దవేమీ కావు, వెయ్యి అడుగులకు అటూ ఇటూ. ఓక్, పైన్, హికరీ చెట్లు. ఇలాంటి బండ్ల కోసమే అక్కడ అటవీశాఖ వారు దారులు కేటాయించారు. డికీ బెల్, డచ్ జాన్, డేనియల్ అని వాటికి పేర్లు కూడా ఉన్నాయి. డిసెంబరు మధ్య నుంచి మార్చి ఆఖరు వరకు ఆ దారులు మూసేస్తారు.

బండి దిగి నేల చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఎర్రబంక. వానాకాలంలో మారేడుమిల్లి పైన మన చెప్పులకు అంటుకునే మట్టి ఏ రంగో, అచ్చం అదే రంగు. ముందు రాత్రి అక్కడ ఒక జల్లు పడింది.

ఇసుక నేలలో నీరు ఇంకిపోతుంది. బంకమట్టి రేణువులు సన్నని పలకల్లాంటివి. నీరు చేరితే ఒకదాని మీద ఒకటి జారుతాయి. ఆ మట్టి టైరు పళ్ళ మధ్య కూరుకుపోయిందంటే ఎంత కొత్త టైరయినా బోడిగుండే. అందుకని బయల్దేరే ముందు అందరూ టైర్లలో గాలి తీశారు. 35 పౌన్లు ఉన్నదాన్ని 20కి దించారు. టైరు కాస్త చప్పబడి నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. సాయంత్రం తారురోడ్డు ఎక్కే ముందు మళ్ళీ కొట్టుకోవాలి, అందుకు ప్రతివాడి దగ్గరా చిన్న పంపు ఉంది. మన రోజుల్లో గాలి తీస్తే మళ్ళీ కొట్టే దిక్కేది? కొమ్మలు నరికి చక్రాల కింద వేసి, గొలుసు కట్టి, పక్క ఊరి కూలీలను బతిమాలుకునేవాళ్ళం. వీళ్ళు బండి ముందున్న వించితో తమను తామే లాక్కుంటారు. తీగను నేరుగా చెట్టుకు కట్టరు, బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పటకా చుట్టి దానికి తగిలిస్తారు. తీగ మీద బరువైన దుప్పటి వేస్తారు, తెగితే కొరడాలా వచ్చి మనిషిని కొట్టకుండా. తీగ బిగిసి ఉన్నంతసేపు దాని దరిదాపుల్లో ఎవర్నీ నిలబడనివ్వరు. ఈ దుప్పటి ఉపాయం మనకెవరికీ ఎందుకు తట్టలేదో!

మొత్తం పదకొండు బండ్లు. అందరికీ ముందు దారి చూపే మనిషి ఒక స్త్రీ. డెబ్బై ఏళ్ళకు దగ్గర్లో ఉంటుంది. పిల్లల బడి బస్సు నడిపి రిటైరయిందట, అంటే మన జాతే. కష్టమైన చోటల్లా ఆవిడ బండి దిగి ముందు నడిచి చూసి వస్తుంది. తర్వాత ఎదురుగా నిలబడి చేతులతో సైగలు చేస్తుంది. స్టీరింగు పట్టుకున్నవాడు ఆవిడ చేతులే చూడాలి, పక్కన మామగారు చెప్పేది వినకూడదు. ఈ సంగతి మా అల్లుడు ముందే నాకు మర్యాదగా చెప్పాడు.

మధ్యాహ్నం దాకా బాగానే సాగింది. చెట్ల నీడన నేల ఇంకా తడిగానే ఉంది. ఒక ఏటవాలు దగ్గర మా బండి ముప్పాతిక వంతు ఎక్కి ఆగిపోయింది. నాలుగు చక్రాలూ గిర్రున తిరుగుతున్నాయి, బండి కదలదు. తర్వాత మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. పక్కన కొంచెం వెడల్పు ఉంది. అక్కడ తిప్పుకుంటే ముక్కు కిందికి పెట్టి హాయిగా దిగొచ్చు అనిపిస్తుంది ఎవరికైనా. మా అల్లుడి చెయ్యి స్టీరింగు మీద కదిలింది. కింద నుంచి ఆవిడ కేక పెట్టింది. తిప్పవద్దు, రివర్సు గేరు వేసి నిటారుగా వెనక్కి రమ్మని. బ్రేకు గట్టిగా తొక్కకుండా, ఇంజను పట్టు మీద, వచ్చిన గాడిలోనే అడుగడుగునా దిగాం.

దిగాక ఆవిడ మడమతో నేలలోకి ఒక్క తన్ను తన్ని చూసింది. మడమ చీలమండ దాకా దిగింది. “ఇవాళ్టికి ఇంతే, వెనక్కి పోదాం” అంది. ఇంత తడిలో తోలితే గాడులు లోతు పడతాయి, తర్వాతి వానకు ఆ గాడుల వెంట మట్టంతా కొట్టుకుపోయి వాగులో కలుస్తుంది అని కూడా చెప్పింది. రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చిన కుర్రాడొకడు మొహం ముడుచుకున్నాడు. అంతే. పదకొండు బండ్లూ వెనుదిరిగాయి. ఆవిడను పిరికిదని ఎవరూ అనలేదు. కారణం రాసిమ్మని ఎవరూ అడగలేదు.

తిరుగు దారిలో నేను మాట్లాడలేదు. నాకు నడుము పట్టేసిందని అల్లుడు అనుకున్నాడు.

మిత్రులారా, 1986 జూలై సంగతి మీలో పాతవారికి కొందరికి లీలగా గుర్తుండవచ్చు. మారేడుమిల్లి పైన మన శాఖ సర్వే క్యాంపు. నేను జూనియర్ ఇంజనీరుని, ముప్పై దాటలేదు. మా జీపు డ్రైవరు నాకంటే పదేళ్ళు పెద్ద. సాయంత్రం ఐదున్నరకు ఇలాంటి ఎర్రబంక వాలు మీదే జీపు ఇలాగే ఆగిపోయింది. “బాబూ, వద్దండి. ఎనక్కి దిగిపోయి కిందే పడుకుందామండి. రేపు ఎండెక్కాక ఎక్కుదామండి” అన్నాడు. నాకు మర్నాడు పొద్దున్నే పై అధికారికి కాగితాలు అందించాలి. “ఏమయ్యా, భయమేస్తోందా? పక్కకి తిప్పు, అటు నుంచి చుట్టి ఎక్కుదాం” అన్నాను. ఆయన ఒక్కసారి నా మొహం చూసి, తిప్పాడు.

వాలుకు అడ్డం తిరగగానే జీపు పక్కకు ఒరిగి దొర్లింది. ఒక చెట్టు ఆపింది. నాకు గీతలు పడ్డాయి. ఆయన కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఎముక సరిగ్గా అతకలేదు. తర్వాత జన్మంతా కుంటుతూనే నడిచాడు.

విచారణలో రిపోర్టు రాసింది నేను. “డ్రైవరు అజాగ్రత్త వలన” అని రాశాను. నేను తిప్పమన్నానని రాయలేదు. ఆయన కూడా చెప్పలేదు. రెండు ఇంక్రిమెంట్లు కుమ్యులేటివ్ ఎఫెక్టుతో ఆపారు. ఈ సభలో ఆ మాటకు అర్థం నేను విడమరిచి చెప్పనక్కరలేదు. ఆఖరి జీతం తగ్గింది, దానిలో సగమైన పింఛను తగ్గింది, కరువు భత్యం కూడా ఆ తగ్గినదాని మీదే. ఆయన 2009లో పోయాక భార్యకు వస్తున్న ఫ్యామిలీ పింఛను కూడా ఆ తగ్గిన జీతం మీద లెక్కగట్టిందే. నా పింఛనులో ఒక్క రూపాయి తగ్గలేదు.

2023 జనవరిలో తిరిగొచ్చిన పది రోజులకు రంపచోడవరం దగ్గర ఆమె ఉంటున్న ఊరు వెళ్ళాను. నేనెవరో చెప్పాను. “మీరా బాబూ, అన్నం తిన్నారా?” అంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, కాగితాలేమైనా ఉన్నాయా అమ్మా అని అడిగాను. ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ సంచీ తీసింది. అందులో మెమోలు, ఉత్తర్వులు, వాటితోపాటు నా రిపోర్టు నకలు ఉన్నాయి. “నాకు చదువు రాదండి. దీంట్లో ఏం రాశారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కాస్త చదివి పెట్టండి” అంది.

నేను రాసింది నేనే పైకి చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వాక్యం తెలుగు చేసి చెప్పాను. చదివాక, అందులో లేనిదేమిటో కూడా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఆయనకి తెల్సు గదండీ జీపు దొర్లుతాదని. మరెందుకు తిప్పాడంటారు?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ శిక్ష రద్దు చేసి ఫ్యామిలీ పింఛను సవరించాలని కోరుతూ ఆమె వేలిముద్రతో దరఖాస్తు తయారైంది. దానికి జతగా, తిప్పమని ఆజ్ఞ ఇచ్చింది నేనేనని, రిపోర్టులో ఆ మాట దాచానని నేను రాసిచ్చిన వాంగ్మూలం ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఇది నిలవడం కష్టమని తెలిసినవారు అంటున్నారు. పైగా నా పింఛను మీదికి రావచ్చని ఒక మిత్రుడు హెచ్చరించారు. రానివ్వండి. ఆ రెండు కాగితాలూ ఇప్పుడు మన కార్యదర్శి గారి బల్ల మీద ఉన్నాయి. 1986లో ఆ క్యాంపులో పనిచేసినవారు, జీపు లేపడానికి వచ్చినవారు ఎవరైనా ఈ సభలో ఉంటే, భోజనాల లోపు ఒక్కసారి వచ్చి నన్ను కలవవలసిందిగా కోరుతున్నాను. సాక్షి సంతకానికి చోటు ఖాళీగా ఉంచాం.