బంతిలో చోటు

(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



పరదేశములో 23 సంవత్సరములు ఉండి వచ్చినావు గదా, నీ అనుభవములు నాలుగు మాటలు చెప్పుమని మన కార్యదర్శిగారు అడిగినారు. నేను కువైట్‌లో నర్సుగా పనిచేసి వచ్చినదానిని. అక్కడ బంగారము ధర ఎంత, ఎండ ఎంత, జీతమెంత అని అడిగినవారికి చెప్పి చెప్పి అలసిపోయినాను. అందుచేత ఈ దినము అన్నము గురించి మాట్లాడుదును. నవ్వకండి. ఇంటికి దూరమైనవారికి మొదట గుర్తుకు వచ్చేది అన్నమే.

1996లో కాజీపేటలో రైలెక్కి బొంబాయి పోయి, అక్కడ విమానమెక్కినాను. సంచిలో మామిడికాయ తొక్కు, కారప్పొడి, ఒక డబ్బా సకినాలు. హాస్టలులో గదికి నలుగురము. ఒక మలయాళీ అమ్మాయి, ఇద్దరు ఫిలిప్పీన్స్ దేశస్థులు, నేను. చేరిన మొదటి వారములోనే క్యాంటీనులో చేతితో అన్నము కలుపుకొని తింటుంటే ఎదురుగా కూర్చున్నవారు ఒకరినొకరు చూచుకొని నవ్వినారు. ఎవరో, ఏ దేశమువారో ఇప్పుడు అనవసరము. ఆ దినము మొదలుకొని క్యాంటీనులో చెంచాతో తినుట, ఆకలి తీరక గదికి వచ్చి తలుపు వేసికొని తొక్కన్నము చేతితో తినుట. దాదాపు రెండు నెలలు ఇట్లే దొంగతిండి తిన్నాను.

ఒక రాత్రి పదకొండు గంటలకు డ్యూటీ దిగి వంటగది ముందునుండి పోవుచుంటే, లోపల తినుచున్న ఫిలిప్పీనా నర్సులు నన్ను చూచి, "కాఇన్ తాయో!" అన్నారు. అదేదో వారి నమస్కారమనుకొని తల ఊపి వెళ్ళిపోయినాను. మరునాడూ అదే మాట. మూడవ నాడు ఒకామె లేచి వచ్చి నా చేయి పట్టుకొని లోపలికి తీసికొనిపోయినది. "రండి, తిందాం" అని దాని అర్థమట. వారి దేశములో ఎవరైనా తినుచుండగా ఇంకొకరు ఆ దారిన పోతే ఈ మాట అనకుండ ఊరుకొనరు. పిలిచినవారందరూ కూర్చోరు, కడుపు నిండినదని మర్యాదగా చెప్పి పోవచ్చును. కాని పిలవకపోవుట తప్పు.

మనము కూడ పలకరింపులో అన్నమునే అడుగుదుము. "తిన్నవా బిడ్డా?" అంటాము. తేడా ఏమిటో అక్కడ కూర్చున్నాక తెలిసినది. మనము అడిగేది అయిపోయిన భోజనము సంగతి. తినకపోయినా చాలామంది తిన్నామనే చెప్తారు. వారు పిలిచేది ఎదుట ఉన్న భోజనమునకు.

శుక్రవారము అక్కడ సెలవు. నెలకొక శుక్రవారము వారు పెద్ద భోజనము పెట్టుకొనేవారు. దానిని కమాయన్ అంటారు. వారి తగాలోగ్ భాషలో కమాయ్ అంటే చేయి. బజారులో అరటి ఆకులు చాలా ప్రియము, అయినా కొనితెచ్చి, పొయ్యిమీద సెగ చూపి మెత్తబరచి, పొడుగు బల్లమీద ఒకదానిపై ఒకటి అంచులు కలిసేటట్లు పరుస్తారు. నడుమ ఈ చివరనుండి ఆ చివరవరకు గట్టువలె అన్నము పోస్తారు. గట్టుకు ఇరుప్రక్కల వేయించిన చేపలు, కాల్చిన కోడి, ఉడికించిన బెండకాయలు, వంకాయలు, ఉప్పులో ఊరిన గ్రుడ్లు, టమాటా ముక్కలు, పచ్చిమామిడి, దానికి అద్దుకొనుటకు బగూంగ్ అను రొయ్యల ముద్ద. స్వదేశములోనైతే పందిమాంసము లేకుండ ఆ భోజనము అరుదట. కువైట్‌లో దానికి నిషేధము గనుక కోడితో సరిపెట్టుకొనేవారు. కంచాలు లేవు, చెంచాలు లేవు. బల్ల చుట్టూ భుజము భుజము రాచుకొనునట్లు నిలబడి, ఎవరి ఎదుటిది వారు చేతితో తినుటే.

అనుదినము వారు చెంచా, ఫోర్కుతోనే తింటారు. 1565 నుండి 1898 వరకు స్పెయిన్‌వారు, ఆ తర్వాత అమెరికావారు వారిని పాలించినారు. 1946లో స్వాతంత్ర్యము వచ్చినది. పాలకులు పోయినా వారి చెంచాలు మిగిలినవి. కాని పదిమంది కూడిన దినము మాత్రము చేయే. వారి సైన్యములో కూడ ఇటువంటి భోజనమున్నది. అధికారి, సిపాయి ఒకే ఆకుల వరుసకు నిలబడి తింటారు, అక్కడ హోదా పనికిరాదు.

రెండు నెలలు తలుపు వేసికొని తిన్నదానిని, ఆ బల్లదగ్గర పదిహేనుమంది చేతులు అన్నములో చూచేసరికి నాకు కండ్లలో నీళ్ళు తిరిగినవి. తరువాత సినిగాంగ్ అని ఒక గిన్నెలో పులుసు ఇచ్చినారు. నోట పెట్టుకుంటే చింతపండు! పోపు లేదు, కారము లేదు, అయినా అది మన చారుకు చెల్లెలే. ఇంకొకనాడు కోడి పులుసులో ఆకు వేసి ఇచ్చినారు. ఏమాకు అంటే మలుంగాయ్ అన్నారు. చూస్తే మన మునగాకు! హనుమకొండలో మా పెరటి చెట్టుకు ఉండేదే. ఇప్పుడు మన తెలుగు పిల్లలు చాలామంది ఫిలిప్పీన్స్‌లోని దవావ్ మొదలగు నగరములకు వైద్యవిద్యకు పోవుచున్నారు. అక్కడ వారికి తిండి దొరకదని భయపడే తల్లులకు ఈ మాట చెప్పుచున్నాను: అన్నము, చింతపండు, మునగాకు ఉన్న దేశమది. కారప్పొడి మాత్రము ఇచ్చి పంపండి.

రుచులకంటె నన్ను ఆలోచనలో పడవేసినది మరొకటి. అక్కడ వండిన మనిషి అందరితోపాటు తింటుంది. మొదట ఇది వారి మంచితనమనుకున్నాను. నాలుగైదు శుక్రవారములు చూచిన తరువాత అది ఆ భోజనపు ఏర్పాటులోనే ఉన్నదని తెలిసినది. ఉన్నదంతా ఒకేసారి ఆకులమీదికి వచ్చిన తరువాత వడ్డించుటకు ఇక ఏమీ ఉండదు. వండినామె చేతులు కడుగుకొని బల్లదగ్గర జరిగి నిలబడుటే. మన బంతి అట్లు కాదు. అన్నము, పప్పు, కూర, పచ్చిపులుసు, పెరుగు, ఒకదానివెంట ఒకటి రావలెను. వడ్డించువారు లేనిదే బంతి సాగదు. కాబట్టి మన బంతిలో ఎవరో ఒకరు ఎప్పుడూ చివరనే తినవలెను.

ఆ దేశస్థులందరూ దేవదూతలని చెప్పబోవుట లేదు. తిన్న తరువాత గిన్నెలు కడుగుటకు వారిలోనూ తగవులయ్యేవి. ఆ నవ్వుల వెనుక దుఃఖమూ ఉండేది. పిల్లలను తమ తల్లులకు అప్పగించి వచ్చినవారే ఎక్కువ. శుక్రవారము ఆ బల్లదగ్గరకు ఇండ్లలో పనిచేసే స్త్రీలు కూడ వచ్చేవారు. మన కడప, గోదావరి జిల్లాలనుండి పోయిన తెలుగు తల్లులు ఎంతమందో అక్కడ అదే పని చేస్తారు. అట్టి ఒకామె నాతో అన్నది: "అక్కా, వారమంతా వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే తింటాను. ఇక్కడ కూడ నిలబడే తింటున్నాను గాని, ఈ నిలబడడం వేరు." ఆ మాట నేను మరచిపోలేదు.

2019 జనవరిలో తిరిగి వచ్చినాను. ఇట్లు తిరిగి వచ్చినవారికి ఫిలిప్పీన్స్‌లో బలిక్‌బయాన్ అని పేరున్నది. బలిక్ అంటే మరలుట, బయాన్ అంటే ఊరు, దేశము. 1973లో అక్కడి ప్రభుత్వము, విదేశములలోనున్న తమవారిని సెలవులకు ఇంటికి రప్పించుటకు అదే పేరుతో ఒక పథకము పెట్టినది. మనకు అటువంటి మాట లేదు. మనలను "దుబాయి నుంచొచ్చిండు" అంటారు, కువైట్‌నుండి వచ్చినా సరే.

సంక్రాంతి ముందు వచ్చినానేమో, మా ఇంట్లో సకినాలు చుట్టుచున్నారు. గుడ్డ పరచి, అమ్మ, వదినె, ఇరుగుపొరుగు వారు చుట్టూ కూర్చొని, వేళ్ళ సందునుండి పిండి జారవిడుచుచు చుట్లు తిప్పుచున్నారు. నువ్వుల వాసన, వాము వాసన. నేనూ కూర్చున్నాను. వేళ్ళు మరచిపోయినవి, నా చుట్లు వంకరపోయినవి, అందరూ నవ్వినారు. ఆ నవ్వు క్యాంటీను నవ్వువంటిది కాదు. ఆ వారమంతా నాకు పండుగే. సర్వపిండి, పచ్చిపులుసు, కొరమీను పులుసు, వేడి జొన్నరొట్టె. 23 సంవత్సరములు కలలో తిన్నవన్నీ అమ్మ ఒక్క వారములో వండి పెట్టినది. అప్పటికి అమ్మకు 78 ఏండ్లు.

నాలుగవ దినమున అన్నము కలుపుచు తలెత్తి చూచినాను. అమ్మ గరిటె పట్టుకొని గోడకానుకొని నిలబడియున్నది. "కూసో అమ్మా, నాతోని తిను" అన్నాను. "మీరు తినుండ్రి బిడ్డా, నేను మళ్ళ తింట" అన్నది. అప్పుడు నాకొక సంగతి తట్టి చేయి ఆగిపోయినది. అమ్మ వంట గురించి నాకు వేయి జ్ఞాపకములున్నవి. అమ్మ అన్నము తినుచుండగా చూచినది ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాలేదు.

ఇందులో మా నాయిన సంగతి చెప్పవలెను. ఆయన పరకాల దిక్కు పల్లెలో పుట్టినారు. చిన్నతనములో దొరల ఇంటి పెండ్లికి పోతే, వాకిట్లో బంతులన్నీ లేచిన తరువాత, కొట్టము ప్రక్కన మావారి ఆకులు వేసేవారట. వడ్డించేవారి గరిటె ఆకుకు తగలరాదని అన్నము పైనుండి విడిచేవారట. ఈ మాట ఆయన మాతో జీవితములో ఒక్కసారే చెప్పినారు. కంచము పొత్తు, మంచము పొత్తు అని మనవారు ఊరకే అనలేదు. ఎవరితో కూర్చొని తినవచ్చునో, ఎవరికి పిల్లనీయవచ్చునో అదే కులము లెక్క. హనుమకొండలో ఇల్లు కట్టుకొన్న తరువాత నాయిన ఒక కట్టడి చేసినారు. మన ఇంట రెండవ బంతి ఉండరాదు. పాస్టరుగారు వచ్చినా, కట్టెలు కొట్టే మనిషి వచ్చినా ఒకే చాప, ఒకే బంతి. ఆ చాపమీద కూర్చొని పెరిగినాము. ఆ ఇంటి గురించి నాకు గర్వమే. కాని అంతటి మనిషికి, తన ఇంట్లో దినదినము రెండవ బంతి వంటింట్లో ఒంటరిగా సాగుచున్నదని కనబడలేదు. నాయిన 2008లో పోయినారు. ఉండియుంటే ఈ మాట ఆయనతోనే అనేదానిని.

మన సంఘములో మాత్రము ఏమున్నది? కోత పండుగకు తెల్లవారి నాలుగు గంటలకు పొయ్యి వెలిగించి బగారన్నము, కోడికూర వండే స్త్రీలు ఆరాధనలో ఉండరు. పాటలు వారికి వంటపాక వరకే వినబడును. వారు తినేసరికి మూడు గంటలగును, కూర అడుగంటి పోవును. మోదుగాకు విస్తర్లు పోయి, కాగితపు ప్లేట్లు, బఫే వచ్చినవి. బఫేలో అందరూ సమానమే అంటారు. వరుసలో నిలుచుట సమానమేగాని, కలిసి తినుట ఎక్కడ? ఎవరి ప్లేటు వారు పట్టుకొని ఎవరి మూలకు వారు పోవుదురు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనెరీల మహాసభలో అజరయ్యగారు లేచి, మీ త్యాగములు మేమెరుగుదుము, మాకు స్నేహితులు కూడ కావలెనని అడిగిన సంగతి మన పెద్దలెరుగుదురు. 1912లో ఆయన దోర్నకల్ బిషప్పయినారు. దోర్నకల్ పరాయి ఊరు కాదు, 2016 వరకు మన వరంగల్ జిల్లాలోనిదే. ఆయన అడిగినది దొరలను. అదే మాట మన వంటపాకనుండి ఎవరైనా మనలను అడిగితే ఏమి చెప్పగలము? తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులమీద చేపలు సిద్ధముచేసి శిష్యులను తినుటకు పిలిచినది ప్రభువే గదా. గరిటె పట్టుట పురుషులకు అవమానమని అక్కడ ఎవరికీ తోచినట్లు లేదు.

క్రిస్మస్ ముందు మా ఇంట్లో ఒక ప్రయత్నము చేసినాను. అరటి ఆకులు సెగ చూపి చాపమీద పరచి, అన్నము, పప్పు, వేపుడు, చేపలు, తొక్కు అన్నీ ఒకేసారి పెట్టినాము. అమ్మ, "ఇదేం తిండే, పెండ్లినాడు బువ్వబంతి లెక్క" అన్నది. మా అన్న కూతురు ఆమెను భుజములు పట్టి కూర్చోబెట్టినది. రెండుసార్లు లేవబోయినది. పెరుగు తెస్తానని ఒకసారి, నీళ్ళు తెస్తానని ఒకసారి. రెండూ ఎదుటనే ఉన్నవి. మూడవసారి లేవలేదు. మనుమరాలి ఎదుటనున్న చేపముక్క తీసి నోట వేసికొని, కొంతసేపు నమిలి, "ఉప్పు తక్కువైంది" అన్నది. ఆ చేపలు వేయించినది నేనే.

వచ్చే కోత పండుగకు ఇట్లే చేయవలెనని స్త్రీల మైత్రి తరఫున పెద్దలకు మనవి చేసినాము. హాలులో చాపలు, ఆకులు, అన్నీ ఒకేసారి, వండినవారికి నడుమ చోటు. అయ్యగారు ఒప్పుకొన్నారు. తెల్లవారి పొయ్యిదగ్గరకు రాగలవారి పేర్లు వ్రాయుటకు తలుపుదగ్గర ఒక పుస్తకము పెట్టినాము. నిన్నటివరకు అందులో 31 పేర్లున్నవి. పురుషులవి రెండు. పుస్తకము ఇంకా అక్కడే ఉన్నది, కలము కూడ దారముతో కట్టియున్నది.