మా అమ్మాయి ఖోఖో



ఈ రోజు నేను వంటల గురించీ, కుట్లు అల్లికల గురించీ చెప్పబోవడం లేదు. మా అమ్మాయి ఆడిన ఖోఖో ఆట గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను. ఆటలతో మనకేం పని అనుకోకండి. ఆడింది పిల్లే అయినా ఆ వానాకాలమంతా పరీక్ష మాత్రం నాకే జరిగింది.

మాది నకిరేకల్. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మీద సూర్యాపేటకు ముందు వస్తుంది. మా నిమ్మకాయల మార్కెట్టు పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2024లో మా అమ్మాయి ఎనిమిదో తరగతి. జూన్‌లో బడి తెరిచారు. జూలైలో పీఈటీ మేడమ్ ఖోఖో జట్టుకు పిల్లల్ని ఎంచుకుంటే అందులో మా పిల్ల పేరు కూడా ఉంది.

ఇక చూడండి నా పని! తెల్లవారక ముందే లేపాలి. పల్లీలు, బెల్లం డబ్బాలో పెట్టాలి. సాయంత్రం వచ్చేసరికి బట్టల నిండా ఎర్రమన్ను. ఎన్నిసార్లు ఉతికినా ఆ రంగు పోదు. మోకాళ్లు చూస్తే ఒక పుండు మానకముందే ఇంకోటి. "ఈ ఆట నీకెందుకే తల్లీ" అని నేను విసుక్కున్న రోజులు ఎన్నో.

అయినా గ్రౌండు దగ్గర నిలబడి చూడగా చూడగా ఆట నాకూ అర్థమైంది. ఎనిమిది మంది పిల్లలు ఒకే వరుసలో, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటారు. తొమ్మిదో పిల్ల తరుముతుంది. అవతలి జట్టు వాళ్లు ముగ్గురేసి దిగి తప్పించుకుంటారు. తరిమే పిల్ల పట్టిన దిక్కు మార్చకూడదు, వరుస మధ్యలోంచి దూరకూడదు. అవతలి వైపుకు పోవాలంటే చివరి స్తంభం చుట్టి పోవాలి, లేదా కూర్చున్న పిల్లను వెనుక నుంచి తట్టి "ఖో" అనాలి. ఆ మాట వినక ముందే లేచారా, ఫౌలు! మన ముంగిట్లో ఏ ఖర్చూ లేకుండా ఆడుకునే ఆటే గాని, దీనికి జాతీయ పోటీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. మొదటివి 1959-60లో మా రోడ్డు చివర ఉన్న విజయవాడలోనే జరిగాయి. ఆడవాళ్లకు మరుసటి ఏడు కొల్హాపూర్‌లో మొదలుపెట్టారు.

ఆగస్టులో మండలం పోటీలు. నేను గీత పక్కనే నిలబడ్డాను. అవతలి పిల్ల మా అమ్మాయి పక్క నుంచే ఉరుకుతుంటే ఆగలేక "లే, లే!" అని అరిచాను. నా గొంతు విని పిల్ల లేచింది. ఖో ఇంకా రాలేదు. ఈల మోగింది. ఆట గెలిచారు గాని, ఇంటికొచ్చాక పిల్ల నాతో మాట్లాడలేదు. పడుకునే ముందు ఒక్కటే అన్నది: "అమ్మా, నువ్వు రా. కానీ మాట్లాడకు."

ఆ మాట గుచ్చుకున్నది. కానీ నిజమే కదా!

సెప్టెంబరులో నల్లగొండలో జిల్లా పోటీలు. ఇంకా వారం ఉందనగా మా అమ్మాయి పెద్దమనిషి అయింది.

ఇంట్లో సందడి మొదలైంది. నువ్వులు, బెల్లం, కుడుకలు తెప్పించాం. మేనమామకు ఫోన్ చేశాం. మా అత్తమ్మ ముందే చెప్పేసింది: "తొమ్మిది రోజులు మూల కూసోబెట్టాలె. పెద్దమనిషైన పిల్లకు గంతులేందే? ఇగ ఆటలు బందు." మా వారు పేపరు చాటు చేసుకుని కూర్చున్నారు. పిల్ల నా ముఖం చూసింది గాని నోరు తెరవలేదు.

అక్కలారా, నిజం చెప్పాలి. ఆ క్షణాన నా నోటికి వచ్చిన మాట "అవును, పెద్దలు చెప్పినట్టు విను" అనే. ఎందుకంటే నాకూ అదే జరిగింది. నేను కూడా ఎనిమిదో తరగతిలోనే ఓణీ వేసుకున్నాను. ఆ తరువాత బడికి పోవడం, తల వంచుకుని రావడం, అంతే. పదో తరగతి పాసయ్యాను గాని మళ్లీ గ్రౌండులో కాలు పెట్టలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆట మానెయ్యమని గట్టిగా చెప్పింది కూడా లేదు. అందరూ మానేశారు, నేనూ మానేశాను. అది పోగొట్టుకున్నానని కూడా నాకు ఇన్నేండ్లు తెలియలేదు.

రాత్రి అత్తమ్మ కాళ్లకు నూనె రాస్తూ అడిగాను. "అత్తమ్మా, మిమ్మల్ని కూడా తొమ్మిది రోజులు కూర్చోబెట్టిండ్రా?"

ఆమె నవ్వింది. "మాకు తొమ్మిది రోజులు ఎవరిచ్చిండ్రే? నాట్ల కాలమాయె. ఐదోనాడు తానం చేయించిండ్రు, ఆరోనాడు పొలంల దిగిన."

"నాట్లకు పోతే లేని తప్పు, ఆటకు పోతే ఉంటదా?" అన్నాను మెల్లగా.

ఆమె జవాబు చెప్పలేదు. చాలాసేపటికి "నూనె చాలు, పండుకో" అన్నది. పొద్దున లేచి తనే చెప్పింది: "ఐదోనాడు తానం చేపిద్దాం. ఫంక్షన్ దసరా సెలవులల్ల పెట్టుకుందాం. పోనియ్యి."

పోటీ నాడు అత్తమ్మ స్వయంగా నువ్వుల ముద్దలు కట్టి, సంచిలో రెండు వేపరెమ్మలు పెట్టి, చెవి వెనుక కాటుక చుక్క దిద్ది పంపింది. మేడమ్‌కు సంగతి చెవిలో చెప్పాను. ఆమె నల్లని ట్రాక్ ప్యాంటు ఇప్పించింది, ప్యాడ్‌లు తన సంచిలో పెట్టుకున్నది. ఎక్కడ మార్చుకోవాలో ముందే చూసి ఉంచింది. సంగతి అంతే! దీనికోసమా ఇన్ని తరాలు ఆటలు మానుకున్నాం?

ఆ రోజు మా జట్టు సెమీ ఫైనల్లో ఓడింది. రాష్ట్ర జట్టుకు మా అమ్మాయి ఎంపిక కాలేదు. నాకు రోషం వచ్చింది, పోయి అడుగుదామని కొంగు సవరించుకున్నాను. పిల్ల చెయ్యి పట్టి ఆపింది. "అడగొద్దమ్మా. ఆ పిల్ల నా కంటే బాగా డైవ్ కొట్టింది. నేను చూసిన." నేను మళ్లీ ఖో వినకముందే లేవబోయానన్నమాట!

దసరా సెలవుల్లో ఫంక్షన్ చేశాం. పట్టు లంగా ఓణీ కింద మోకాలి మీద గాయపు పొక్కు అట్లనే ఉంది. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచ కప్పు జరిగితే ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. మన ఆడపిల్లలూ, మగపిల్లలూ ఇద్దరూ ఫైనల్లో నేపాల్ మీద గెలిచారు. అత్తమ్మ కళ్లార్పకుండా చూసి "గా పిల్లలందరు పెద్దమనుషులైనోళ్లేనా?" అని అడిగింది. "అందరూ అయినోళ్లే అత్తమ్మా" అన్నాను. "మరి మోకాళ్లకు నూనె ఎవరు రాస్తరో!" అన్నది.

సోదరీమణులారా! ఆడపిల్ల పెద్దమనిషి కావడం జబ్బు కాదు. ఆ రోజుల్లో ఒంట్లో బాగుంటే ఆడుకోవచ్చు. కడుపునొప్పి ఎక్కువైతే, రక్తం బాగా పోతుంటే డాక్టరుకు చూపించాలి. మన తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. కాబట్టి పిల్లకు ఆట మాన్పించడం కాదు, పల్లీలు, నువ్వులు, ఆకుకూరలు పెట్టండి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకున్నదా అని అడగండి.

మన ఆచారం పనికి ఎప్పుడూ దారి ఇచ్చింది. నాట్లు ఆగవు కాబట్టి తొమ్మిది రోజులు ఐదయ్యాయి. ఒక్కసారి పిల్ల ఆటకు కూడా దారి ఇస్తే ఏ ఆచారమూ చెడిపోదు. మనం గీత బయట నిలబడదాం. అరవకుండా చూద్దాం.